బేస్‌మెంట్‌లో దొరికిన నల్ల రేకు, మూడు టేపులు: ఏం చెయ్యాలి?

ట్రాయ్_శ్రీను
పోయిన నెల డెట్రాయిట్ పక్కన సౌత్‌ఫీల్డ్‌లో పాత ఇల్లు కొన్నాం. బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్ వెనకాల ఒక అట్టపెట్టె దొరికింది. అమ్మినవాళ్లు మర్చిపోయినట్టున్నారు. లోపల మూడు స్పూల్ టేపులు, ఒక నల్ల రికార్డు. రికార్డు మామూలుగా లేదు. పది అంగుళాలుంది, పళ్లెంలా బరువు. అంచు దగ్గర గీరుకుపోయిన చోట రేకు మెరుస్తోంది. మధ్య చిల్లు పక్కనే ఇంకో బుల్లి చిల్లు ఉంది. లేబుల్ మీద పెన్సిల్‌తో 7-22-66 అని రాసుంది, పేరుండాల్సిన చోట తడి మరక. పైనంతా పిండి చల్లినట్టు తెల్లటి పొర.

మావాడి పుట్టినరోజుకి కొన్న సూట్‌కేస్ టర్న్‌టేబుల్ ఉంటే దాని మీద పెట్టా. ముందు గరగర, ఆ తర్వాత డ్రమ్స్, టాంబురిన్, ఒకమ్మాయి గొంతు. నలభై సెకన్లు వినపడిందేమో, ఒళ్లు జలదరించింది. తర్వాత సూది ఒక్కచోటే తిరగడం మొదలెట్టింది. ఫోన్‌కి వినిపిస్తే పాట గుర్తుపట్టలేదు. ఇదేంటి? దీనికేమైనా విలువుంటుందా? మా ఆవిడ మంగళవారం చెత్తబండికి వేసేస్తానంటోంది.

లక్కపిడత78
ఆపు. ఇంకోసారి సూది పెట్టావంటే పాపం చుట్టుకుంటుంది.

బోల్టన్_బాబాయ్
నలభై సెకన్లు వినపడిందా?? శ్రీనూ, మంగళవారం లోపు ఆ పెట్టె మీ ఆవిడ కంటపడకుండా దాచు. పూర్తిగా రాస్తా, డ్యూటీ దిగి.

సందేహాలరావు
నాకు అర్థం కాలేదు. రికార్డు కదా, వినడానికే కదా ఉంది?

లక్కపిడత78
అది అచ్చేసిన రికార్డు కాదు. ఎసిటేట్ అంటారు. అందులో ఎసిటేట్ ఉండదు, పేరలా స్థిరపడిపోయింది. అల్యూమినియం రేకు మీద నైట్రోసెల్యులోజ్ పూత పూసి, లేత్ మీద పెట్టి గాడి చెక్కేవాళ్లు. ఆ రెండో చిల్లు చెక్కేటప్పుడు రేకు జారకుండా పట్టడానికి. పాట రికార్డయిన రోజే గాయకులు ఇంటికి తీసుకెళ్లి వినుకోవడానికో, కంపెనీవాళ్లకి వినిపించడానికో ఒకటో రెండో చెక్కించుకునేవాళ్లు. మెత్తటి పూత కాబట్టి సూది నడిచిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది. సూదిని పట్టుకునే కార్ట్రిడ్జ్ మంచిదైతే రెండు గ్రాముల బరువుతో నడుస్తుంది. సూట్‌కేస్ వాటిలో ఐదారు గ్రాములుంటుంది. ముగ్గు మీద నాగలి తోలావన్నమాట.

ఆ తెల్ల పొర బూజు కాదు. పూత పెళుసెక్కకుండా అందులో ఆముదం కలిపేవాళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ అది విడిపోయి స్టియరిక్, పామిటిక్ ఆమ్లాలుగా పైకి తేలుతుంది. గుడ్డ పెట్టి రుద్దకు. కడగకు. ఇలాంటివి బాగుచేసే చోటికి తీసుకెళ్లు.

సందేహాలరావు
ఆముదమా! మా నాయనమ్మ ప్రతి ఆదివారం చెంచాడు తాగించేది. ఈ లెక్కన నా గొంతు కూడా రికార్డయి ఉండాలి.

బీ_సైడ్
ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం. ఇంకే కాపీ లేని పాటకి ఈ ఆముదం రేకే మాస్టర్ టేపు.

బోల్టన్_బాబాయ్
డ్యూటీ దిగా. ఇది రాయకపోతే నిద్ర పట్టదు.

నేను 1997లో ఇంగ్లండ్‌లో బోల్టన్ వచ్చా. మా ఆసుపత్రిలో పోర్టర్ ఒకాయన శనివారం సాయంత్రం డ్యూటీ దిగుతూ చేతిసంచీ సర్దుకునేవాడు: రెండు బనియన్లు, వెడల్పు పైంటు, టాల్కం పౌడరు డబ్బా. ఏ జిమ్ముకో అనుకున్నా. ఒకసారి నన్నూ తీసుకెళ్లాడు. హాల్లో చెక్క నేల మీద పౌడరు చల్లి, కాలు జారనిచ్చి, గిర్రున తిరిగి, వెనక్కి పడి, నేల మీంచి లేస్తున్నారు నలభై దాటినవాళ్లు. ఒక్కరూ జంటగా ఆడట్లేదు, ఎవరి లోకం వాళ్లది. మోగిన పాటల్లో నాకు తెలిసినది ఒక్కటీ లేదు. అమెరికావాళ్లకీ తెలీదట!

అసలు కథ అది. 1960ల్లో డెట్రాయిట్, షికాగో, లాస్ ఏంజెలెస్‌లలో నల్లజాతి గాయకులు మోటౌన్ (డెట్రాయిట్‌లో పేరుమోసిన సోల్ సంగీతం కంపెనీ) పద్ధతిలో వందలకొద్దీ సింగిల్స్, అంటే ఒక్కో పాట చిన్న రికార్డులు, పాడారు. చాలామటుకు అమ్ముడుపోలేదు, గోడౌన్లలో పడున్నాయి. ఇంగ్లండ్ ఉత్తరాది మిల్లుల ఊళ్ల కుర్రాళ్లు అవే వెతికి తెచ్చుకున్నారు. అవి మోగిన డాన్సు క్లబ్బులు: మాంచెస్టర్‌లో ట్విస్టెడ్ వీల్, స్టోక్ దగ్గర గోల్డెన్ టార్చ్, బ్లాక్‌పూల్ మెక్కా, ఆఖర్న విగన్ కాసినో. కాసినో 1973 సెప్టెంబర్‌లో తెరిచారు, 1981 డిసెంబర్‌లో మూసేశారు. అర్ధరాత్రి దాటాక మొదలై ఆదివారం పొద్దున ఎనిమిది దాకా. చివరి మూడు పాటలు ఎప్పుడూ అవే, వాటికి ‘త్రీ బిఫోర్ ఎయిట్’ అని పేరే పడిపోయింది. ఇప్పుడక్కడ షాపింగ్ మాల్ ఉంది. మా పోర్టరు దాని ముందునుంచి వెళ్తే కారు వేగం తగ్గించేవాడు.

‘నార్తర్న్ సోల్’ అన్న పేరు పెట్టింది డేవ్ గోడిన్, లండన్‌లో రికార్డుల కొట్టు నడిపేవాడు. ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి ఉత్తరాది నుంచి వచ్చే కుర్రాళ్లు కొత్త ఫంక్ వద్దు, పాత జోరు పాటలే కావాలనేవాళ్లట. కొట్లో పనివాళ్లకి గుర్తుండటానికి ఆ మాట వాడాడు. 1970లో పత్రికలో రాశాడు, అతుక్కుపోయింది.

1966 జులై, డెట్రాయిట్, టాంబురిన్, అమ్మాయి గొంతు. నా చేతులు వణుకుతున్నాయి.

ఓరుగల్లు_డీజే
చేతులు వణుకుడు సరే గని, అసలు సంగతి చెప్పు బాబాయ్. పైసలెన్ని?

బీ_సైడ్
పైసల లెక్క నేను చెప్తా. ఫ్రాంక్ విల్సన్ అని మోటౌన్ లాస్ ఏంజెలెస్ ఆఫీసులో పాటలు రాసేవాడు. 1965లో తనే పాడి ‘డూ ఐ లవ్ యూ’ అని ఒక సింగిల్ చేశాడు, మోటౌన్ వాళ్ల ‘సోల్’ అనే లేబుల్ (రికార్డుల బ్రాండు) మీద. డెమో కాపీలు ఓ 250 దాకా అచ్చేశారంటారు. విడుదల ఆపేసి వాటిని నాశనం చేయించారు. గాయకుడివా నిర్మాతవా, ఏదో ఒకటి తేల్చుకోమన్నారని, తను నిర్మాతగా ఉండిపోయానని తర్వాత చెప్పుకున్నాడు. సుప్రీమ్స్‌కి, ఎడ్డీ కెండ్రిక్స్‌కి పెద్ద హిట్లిచ్చింది ఆయనే. కానీ ఒకటీ రెండూ కాపీలు బతికి బట్టకట్టాయి. 1970ల చివర్లో ఆ పాట ఇంగ్లండ్ చేరి ‘ఎడ్డీ ఫోస్టర్’ అనే దొంగపేరుతో విగన్‌లో మోగింది. 2009లో ఒక కాపీ 25,742 పౌండ్లకి పోయింది. 2020లో ఒక కాపీ లక్ష పౌండ్లు.

ఓరుగల్లు_డీజే
లచ్చ పౌండ్లా! ఒక్క పాటకు!

సందేహాలరావు
ఆ పాట యూట్యూబ్‌లో ఉచితంగా ఉంది. ఇప్పుడే విన్నా. బాగుంది. నాకు లక్ష పౌండ్లు మిగిలాయి.

రాజమండ్రి_రమణి
ఎడ్డీ ఫోస్టర్ ఎవరు మధ్యలో?

బోల్టన్_బాబాయ్
ఆ మాటకొస్తే అది పెద్ద భాగోతం. దొరకని రికార్డు ఒక డీజే చేతికొస్తే లేబుల్ మీద తెల్ల కాగితం అతికించి, వేరే గాయకుడి పేరు, వేరే పాట పేరు చెప్పేవాడు. ‘కవరప్’ అంటారు. పోటీ డీజే వెతుక్కోకుండా ఎత్తు. కొన్ని పాటల అసలు పేర్లు ఏళ్ల తరబడి బయటపడలేదు.

ఓరుగల్లు_డీజే
మా తాన బారాత్‌ల కొచ్చిన డీజే గిట్లనే చేస్తడు. పెన్ డ్రైవ్‌ల ఫైలు పేరు ‘1111’ అని పెడ్తడు.

రాజమండ్రి_రమణి
నాకిది నచ్చలేదు. పాడిన మనిషి డెట్రాయిట్‌లో బస్సు నడుపుకుంటూనో, స్కూల్లో వంట చేసుకుంటూనో ఉంటుంది. అవతల ఆవిడ గొంతుకి వెయ్యి మంది గెంతుతున్నారు, అదీ ఆవిడ పేరు చెరిపేసి! రికార్డు లక్షకి అమ్ముడైతే ఆవిడకి చిల్లిగవ్వ రాదు, పాత సరుకు అమ్మకమే కాబట్టి. దీన్ని అభిమానం అనుకోమంటారా?

బోల్టన్_బాబాయ్
ఒప్పుకుంటా రమణీ, తప్పే. కానీ ఆ వెయ్యి మంది గెంతకపోతే ఆ గాయకుల్లో సగం మంది పేర్లు ఇవాళ ఎవరికీ తెలీవు. వాళ్లనే పిలిపించి స్టేజీ ఎక్కించిందీ ఇక్కడివాళ్లే. 1965లో గ్లోరియా జోన్స్ పాడిన ‘టెయింటెడ్ లవ్’ అమెరికాలో పడుకుంది. ఇక్కడి క్లబ్బుల్లో మోగి మోగి, 1981లో సాఫ్ట్ సెల్ వాళ్లు పాడితే ప్రపంచమంతా పాడింది.

బీ_సైడ్
అది బీ సైడ్, అంటే రికార్డు రెండో వైపు పాట అని చెప్పడం మర్చిపోయావు బాబాయ్. నా హ్యాండిల్ ఊరికే పెట్టుకోలేదు.

రాజమండ్రి_రమణి
అదిగో, అక్కడా డబ్బులు రెండోసారి పాడినవాళ్లకే.

ట్రాయ్_శ్రీను
ఇంత ఉందా దీని వెనక! పెట్టె మంచం కిందకి మార్చా. మరి ఇది మోటౌన్‌దేనంటారా? టేపుల సంగతేంటి?

బీ_సైడ్
1966లో డెట్రాయిట్ అంటే మోటౌన్ ఒక్కటే అనుకుంటారు. వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్ మీద 2648 నంబరు ఇల్లు వాళ్లది, ఇప్పుడు మ్యూజియం. కానీ ఊరంతా స్టూడియోలే. యునైటెడ్ సౌండ్ ఉంది, ఫార్చ్యూన్ ఉంది, ఎడ్ వింగేట్ గోల్డెన్ వరల్డ్ ఉంది. మోటౌన్ జీతగాళ్లయిన ఫంక్ బ్రదర్స్ రాత్రిళ్లు దొంగచాటుగా వెళ్లి ఆ పక్క కంపెనీలకీ వాయించేవాళ్లు. అందుకే చిన్న లేబుల్ పాటలు కూడా మోటౌన్‌లాగే వినిపిస్తాయి. 1966లోనే మోటౌన్ ఆ గోల్డెన్ వరల్డ్ స్టూడియోని కొనేసి ‘స్టూడియో బి’ చేసుకుంది. నీ రేకు లేబుల్ మీద స్టూడియో పేరు అచ్చయి ఉందా?

ట్రాయ్_శ్రీను
మరక కింద ఏవో అక్షరాలున్నాయి, చదవడం రావట్లేదు.

వడియాల_టెకీ
టేపులు నేరుగా ప్లేయర్ ఎక్కించకు. ముందు బేక్ చెయ్యాలి. నేను మా నాన్నగారి కచేరీ టేపులు చేశా. కూరగాయలు ఎండబెట్టే డీహైడ్రేటర్‌లో 54 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు. అద్భుతంగా ఆడాయి.

సందేహాలరావు
అదే మెషీన్లో వడియాలు పెడతారా?

వడియాల_టెకీ
ఇప్పుడు హ్యాండిల్ అర్థమైందా.

లక్కపిడత78
వద్దు వద్దు వద్దు! బేక్ చెయ్యాల్సింది 1970ల మధ్య నుంచి వచ్చిన కొన్ని రకాల టేపులని. వాటిలో జిగురు తేమ పీల్చుకుని హెడ్‌కి అంటుకుంటుంది, కీచుమంటుంది. నీ నాన్నగారివి అవే అయ్యుంటాయి. 1966 టేపుకి ఆ జబ్బు ఉండదు. అప్పటి వాటిలో చాలావాటికి ఎసిటేట్ అనే ప్లాస్టిక్ పట్టీ. దాన్ని వేడి చేస్తే ఇంకా పాడవుతుంది. (అవును, ఎసిటేట్ అని పిలిచే రేకులో ఎసిటేట్ ఉండదు, దాని పక్కనున్న టేపులో ఉంటుంది. నన్ను తిట్టకండి.)

శ్రీనూ, స్పూల్‌ని పక్కనుంచి లైటుకి అడ్డం పెట్టి చూడు. చుట్టలోంచి వెలుగు లేతగా కనిపిస్తే ఎసిటేట్. నల్లగా మూసుకుపోతే పాలియెస్టర్. పెట్టె మూత తీసి వాసన కూడా చూడు.

ట్రాయ్_శ్రీను
రెండిట్లోంచి వెలుగొస్తోంది, తేనె రంగులో. మూడోది నలుపు. వాసన... ఆవకాయ జాడీ కడగని వాసన.

లక్కపిడత78
వెనిగర్ వాసనే అది. ఎసిటేట్ పాడవడం మొదలైంది. ఒకసారి మొదలయ్యాక ఆగదు, మిగతా టేపులకీ అంటుకుంటుంది. ఆ రెండూ వేరే అట్టపెట్టెలో పెట్టు, మూత బిగించకు. చల్లగా, పొడిగా ఉండే చోట పెట్టి, తొందరగా కంప్యూటర్‌లోకి ట్రాన్స్‌ఫర్ చేయించు.

రాజమండ్రి_రమణి
మా తాతగారు విజయవాడ రేడియో స్టేషన్‌లో చేసేవారు. టేపు ఖరీదు కాబట్టి ప్రసారమైన దాని మీదే మళ్లీ ఎక్కించేవాళ్లం అనేవారు. భక్తిరంజని కోసం ఎవరెవరు వచ్చి పాడివెళ్లారో చెప్తూ, ‘వాళ్ల మీద వ్యవసాయ కార్యక్రమం ఎక్కించాను’ అని తలకొట్టుకునేవారు. డెట్రాయిట్‌వాళ్లు కనీసం హీటర్ వెనక దాచుకున్నారు.

బీ_సైడ్
కంపెనీలు మాత్రం గొప్పగా దాచాయా? 2008లో హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియో గోడౌన్ కాలినప్పుడు మాస్టర్ టేపులు కాలిపోయాయన్న సంగతి పదకొండేళ్ల తర్వాత పత్రికలో వస్తే గానీ జనానికి తెలీలేదు. దాచినవాళ్లూ ఉన్నారు లెండి. లండన్‌లో కెంట్ అనే లేబుల్ 1982 నుంచీ ఈ పని మీదే ఉంది. పాత అమెరికన్ కంపెనీల టేపులు ఒక్కొక్కటే విని, విడుదల కాని పాటలు బయటికి తీస్తుంది. మెల్బా మూర్ 1966లో పాడిన ‘మ్యాజిక్ టచ్’ అలా ఇరవై ఏళ్లు డబ్బాలో ఉండి 1986లో బయటపడింది. విడుదలే కాని పాట డాన్సు హాళ్లలో క్లాసిక్ అయి కూర్చుంది.

చౌకబేరం
నా ఏడుపు కూడా వినండి. ఆన్‌లైన్‌లో ఒకడి దగ్గర ‘ఒరిజినల్’ అని 140 పౌండ్లు పోసి ఒక డెట్రాయిట్ 45 (చిన్న సింగిల్ రికార్డు) కొన్నా. వచ్చింది 70ల నాటి దొంగ అచ్చు. లేబుల్ అక్షరాలు ఫొటో తీసి అచ్చేసినట్టు మసగ్గా ఉన్నాయి. లోపలి గాడి పక్కన ఖాళీలో ఒరిజినల్‌కి ముద్రకొట్టిన నంబరుండాలి, దీనికి చేత్తో గీకి ఉంది. డబ్బు వెనక్కిమ్మంటే ‘పాట అదే కదా’ అన్నాడు.

సందేహాలరావు
పాయింటే కదా.

చౌకబేరం
నిన్ను బ్లాక్ చేస్తున్నా.

లాయరుగారి_తమ్ముడు
శ్రీను యూట్యూబ్‌లో పెట్టేస్తాడేమోనని రాస్తున్నా. రేకు నీ చేతిలో ఉన్నంత మాత్రాన పాట నీది కాదు. అమెరికాలో 2018లో వచ్చిన చట్టం ప్రకారం 1966 నాటి రికార్డింగ్‌కి 2067 ఫిబ్రవరి 15 దాకా రక్షణ ఉంది. యూరప్‌లో లెక్క వేరు. యాభై ఏళ్లలో విడుదల కాకపోతే హక్కు పోతుంది. అందుకే మోటౌన్ వాళ్లు కొన్నేళ్లపాటు ప్రతి డిసెంబర్ చివర్లో, యాభై ఏళ్లు నిండబోతున్న విడుదల కాని పాటలన్నీ మూటగట్టి ఆన్‌లైన్‌లో వదిలారు. మన మీద ప్రేమతో అనుకునేరు.

డెట్రాయిట్_పిన్ని
ఇందాకట్నుంచి చదువుతున్నా. వేలంపాట అంటారు, వడియాలంటారు, చట్టమంటారు. ఇల్లు అమ్మినవాళ్లని అడిగారా ఎవరైనా? శ్రీనూ, రిజిస్ట్రేషన్ కాగితాల్లో వాళ్ల పేరుంటుంది కదయ్యా. ఫోన్ చెయ్యి.

ఓరుగల్లు_డీజే
పిన్నీ, ఫోన్ చేస్తే ఆపస్ ఇయ్యమంటరు గదా.

డెట్రాయిట్_పిన్ని
అంటే ఇవ్వాలి నాయనా.

బీ_సైడ్
పిన్ని చెప్పింది కరెక్ట్. ఒహాయోలో కొలంబస్‌లో ఇలాగే ఒక ఎస్టేట్ సేల్‌లో పాత టేపు దొరికింది. పెన్నీ అండ్ ది క్వార్టర్స్ అని, ‘యూ అండ్ మీ’ పాట, రిహార్సల్‌లా గిటారొక్కటే. షికాగో న్యూమెరో గ్రూప్ 2007లో విడుదల చేసింది. 2010లో ఒక సినిమాలో వాడారు, ఊరూరా మోగింది. ఆ పెన్నీ ఎవరో మాత్రం కంపెనీకే తెలీదు. 2011లో గానీ దొరకలేదు.

ట్రాయ్_శ్రీను
ఫోన్ చేశా. అమ్మినాయన అట్లాంటాలో ఉంటాడు. టేపులంటే గుర్తులేదన్నాడు. తేదీ చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. ‘అది మా అమ్మ’ అన్నాడు. ఆవిడ ఉంది! వయసు 79, ఇక్కడికి ఇరవై నిమిషాల దూరంలో చెల్లెలి దగ్గర.

బోల్టన్_బాబాయ్
!!!!!!

రాజమండ్రి_రమణి
శ్రీనూ, వెళ్లేటప్పుడు పండ్లు తీసుకెళ్లు. వీళ్లు ప్రశ్నల పట్టీ ఇచ్చి పంపేట్టున్నారు.

ట్రాయ్_శ్రీను
పది రోజులైంది, ఆలస్యానికి ఏమనుకోకండి. రేకుని లక్కపిడత చెప్పినట్టు పాత రికార్డింగులు బాగుచేసే ఒకాయనకిచ్చా. పొర తీసి, తేలిక సూదితో ఒక్కసారే నడిపి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. నా నలభై సెకన్ల దగ్గర మాత్రం టప్‌టప్ అని నాలుగు దెబ్బలున్నాయి. అవి నావి. టేపుల్లో రెండు చర్చి పాటలు, మూడోది ఎవరిదో పెళ్లి.

నిన్న పెద్దావిడ దగ్గరికి వెళ్లా. ఫోన్‌లో వినిపించా. నేనేదో కన్నీళ్లు పెట్టుకుంటుందనుకున్నా. మొత్తం రెండు నిమిషాల ఇరవై సెకన్లూ వేళ్లతో కుర్చీ చెయ్యి మీద తాళం వేస్తూ విని, ‘డ్రమ్మర్ ఆలస్యంగా వచ్చాడు, అప్పుడే చెప్పా’ అంది. స్టూడియోకి గంట లెక్కన డబ్బులు కట్టుకోవాల్సొచ్చిందట, ఇంకో టేక్‌కి చేతిలో లేవట. వాళ్ల చెల్లెలు పక్కగదిలోంచి ‘వెనకాల పాడింది నేను’ అని అరిచింది.

బోల్టన్_బాబాయ్
నిద్రపోలేకపోతున్నా. విడుదలకి ఒప్పుకుంటుందా? కనీసం మా హాల్లో ఒక్కసారి?

ట్రాయ్_శ్రీను
అడిగా. వేరేవాళ్లు మోగించడం ఆలోచించుకుని చెప్తానంది. రేకు మాత్రం తనకి కావాలంది. ఇచ్చేస్తున్నా.

చౌకబేరం
అయ్యో. ముందు వేలంలో రేటు కనుక్కోవాల్సింది.

రాజమండ్రి_రమణి
నిన్నూ బ్లాక్ చేసేవాళ్లున్నారు.

బోల్టన్_బాబాయ్
ఇవ్వడమే సబబు. ఒకటి అడగనా? ఆవిడ ఆలోచించుకునేలోపు పేరైనా...

డెట్రాయిట్_పిన్ని
బాబాయ్, ఆవిడ చెప్పమనలేదు.

ట్రాయ్_శ్రీను
ఇంకో మాట. బయల్దేరుతుంటే ఆవిడ ‘అది సరే, మంచి పాట రెండో వైపుంది, అది వినిపించవేం’ అంది. నేను, ఆ ట్రాన్స్‌ఫర్ చేసినాయన కూడా, రెండో వైపు ఖాళీ అనుకున్నాం. అటు లేబుల్ లేదు, పొర ఇంకా మందంగా ఉంటే అలాగే వదిలేశాం.

బీ_సైడ్
నేను మొదట్నుంచీ ఏం మొత్తుకుంటున్నా??

లక్కపిడత78
ముందు ఒక్కటి చెప్పు. ఆ వైపు దేంతోనూ తుడవలేదు కదా?

ట్రాయ్_శ్రీను
మా ఆవిడ తడిగుడ్డతో అంచు మీద కొంచెం తుడిచింది. కొంచెమే. రేపు పొద్దున్నే తీసుకెళ్తున్నా.